కాగితం మీద క్షేమమే

హైదరాబాద్‌లో కోకాపేట వైపు మా అపార్ట్‌మెంట్ టవర్ ఉంది. ఫైర్ ఎన్‌ఓసీ (అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రం) కాపీ చూపించమని ఫ్లాట్ల యజమానుల సంఘం వారిని అడిగితే "బిల్డర్ దగ్గర ఉంటుందండీ" అన్నారు. బిల్డర్ కార్యాలయంలో అడిగితే "అన్నీ మీ సంఘానికి అప్పగించేశాం సార్" అన్నారు. స్విమ్మింగ్ పూల్ వేళల పట్టికను మాత్రం లామినేషన్ చేయించి ప్రతి లిఫ్టులోనూ అతికించారు!

తెలంగాణలో 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న నివాస భవనాలకు ఈ పత్రం తప్పనిసరి. సరే, అది ఎక్కడో ఉందనే అనుకుందాం. మరి మంటలార్పే నీళ్ల పంపు గది మాటేమిటి? పైపుల్లో ఒత్తిడి తగ్గగానే తనంతట తాను నడవాల్సిన పంపును 'మాన్యువల్'లో పెట్టారు. ఎందుకయ్యా అంటే, రాత్రిపూట చప్పుడుకు కింది ఫ్లాట్ వారికి నిద్ర పట్టడం లేదట. మెట్ల దారి నిండా చెప్పుల స్టాండ్లు, పిల్లల సైకిళ్లు, ఒకాయన తులసి కుండీ (జరపమంటే పాపమట). పొగ రాకుండా వాటంతట అవే మూసుకోవాల్సిన మెట్ల తలుపులకేమో గాలి కోసం ఇటుకలు అడ్డం!

2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ అగ్నిప్రమాదంలో ఆరుగురి ప్రాణం తీసింది పొగే. మంట వారి దాకా రానక్కర లేకపోయింది. ఈ మాట సమావేశంలో ఎత్తితే "శుభమా అని దసరా గురించి మాట్లాడుకుంటుంటే..." అని ఒక పెద్దాయన నొచ్చుకున్నారు.

ఎట్టకేలకు తనిఖీ రిజిస్టర్ చూపించారు. నెలనెలా ఒకే పెన్ను, ఒకే సంతకం, 'అన్నీ సరిగా ఉన్నవి'. వచ్చే నెలకు కూడా!