ఆయ్... సెన్సారేనండి!

గోదావరి జిల్లాల్లో పాత కారున్న ప్రతివాడికీ వచ్చే జబ్బు ఒక్కటే. పొద్దున్నే స్టార్టవకపోయినా, ఎండలో హీటెక్కినా, ఐడ్లింగ్‌లో ఊగిపోయినా, మైలేజీ పడిపోయినా సరే, షెడ్డులో మేస్త్రి బానెట్ ఎత్తి, లోపలికి కాకుండా మన మొహంలోకి చూసి తీర్పు చెప్పేస్తాడు: "ఆయ్, సెన్సార్ పోయిందండి." ఏ సెన్సారని అడిగారో, మీరు చదువుకున్న వెధవ కింద లెక్క. ఆయన సిద్ధాంతంలో సెన్సార్ ఏకమేవాద్వితీయం.

మొన్నామధ్య ఒక మహానుభావుడు ప్రీమియర్ పద్మినికి కూడా సెన్సార్ పోయిందని తేల్చాడు. కార్బొరేటర్ బండి, దానికి పుట్టుకతోనే కంప్యూటర్ లేదు. మహా అయితే టెంపరేచర్ ముల్లుకి వేడి చేరవేసే సెండరొకటి, ఆయిల్ ప్రెషరు పడిపోతే ఎర్ర లైటు వెలిగించే స్విచ్చొకటి ఉంటాయి, ఆ రెండూ చచ్చిపోయినా ఇంజన్ మాత్రం హాయిగా స్టార్టవుతుంది. అయినా సెన్సారే పోయింది. ఏం చేస్తాం, పెద్దాయన చెప్పాడు కదా.

రావులపాలెంలో అరటి మార్కెట్‌కి కాస్త దూరంలో ఒక షెడ్డుంది. అక్కడ జరిగిన మహాసభ గురించి చెప్పకపోతే నాకు తిన్నది అరగదు. పాత మారుతీ, ఎంపీఎఫ్ఐ, అంటే కంప్యూటర్ చెప్పినట్టు పెట్రోలు చిమ్మే రకం. ఇంజన్‌ని చల్లబరిచే నీళ్లు పోయే థర్మోస్టాట్ హౌసింగ్ పక్కన రెండు వైర్ల ఇత్తడి ముక్క ఒకటి బయటపడింది. ఇదేమిటన్నది ప్రశ్న. మేస్త్రిది పాత సమాధానమే. కుర్రోడు "ఫ్యాన్ స్విచ్చి బాబాయ్" అన్నాడు, నెత్తి మీద మొట్టికాయ పడింది. గెలల బేరం ముగించుకుని వెళ్తున్న పెద్దమనిషి ఆగి, "మా వ్యానుకీ ఇలాంటిదే ఉండేదండి, పీకేశాం, ఏమీ అవలేదు" అని అనుభవసారం పంచాడు. టీ తాగడానికొచ్చిన ఆరెంపీ డాక్టరుగారు దాని మీద వేలు పెట్టి కాసేపు కళ్లు మూసుకున్నారు, నాడి అందలేదు కాబోలు, తల అడ్డంగా ఊపారు. ఇక లాభం లేదని స్పేర్‌పార్టుల కొట్టాయనకి వీడియో కాల్ చేశారు. "రంగు చూపించు... అది కాదెహె, ఫోన్ తిప్పు... నీ మొహం కాదు, ఇంజన్ చూపించవయ్యా." పచ్చ క్లిప్పుందని చెప్పారు. "పచ్చదైతే నా దగ్గర ఒకటుంది, ఎక్కడిదో తెలీదు గానీ పడుతుంది, పంపనా?" పంపమన్నారు! ఈలోగా ఎవడో ఇంజన్ నెత్తినుండే ట్యాపెట్ కవర్ మీద ఖాళీగా నోరు తెరుచుకున్న గొట్టం ముక్కని చూసి ఇదేమిటన్నాడు. అంతా వంగి చూశారు. "కంపెనీవాడు ఎక్స్‌ట్రా పెట్టాడండి" అని మేస్త్రి సభ ముగించాడు.

జపాన్‌వాడు ఎక్స్‌ట్రా పెట్టాడట! స్క్రూ ఒకటి మిగిలితే నిద్రపట్టని జాతి అది.

అయ్యా, దీనికి ఇంజనీరింగ్ డిగ్రీ అక్కర్లేదు, వైర్లు లెక్కపెట్టడం వస్తే చాలు. చాలా పాత ఇంజన్లలో ముల్లు సెండరుకి ఒకటే వైరుంటుంది, ఎర్తు బాడీ నుంచే తీసుకుంటుంది. అందుకే దాని మరలకి తెల్ల టేపు బారెడు చుడితే ముల్లు పడుకుంటుంది. రెండు వైర్లదైతే సాధారణంగా కంప్యూటర్‌కి వేడి చెప్పేది. వేడెక్కే కొద్దీ దాని రెసిస్టెన్స్ తగ్గుతుంది. చాలావాటికి 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓములు, 80 దగ్గర మూడొందల చిల్లర. మల్టీమీటర్ పెడితే అదే చెబుతుంది, నాడి చూడక్కర్లేదు. ఇంజన్‌లోకి గాలిని అదుపుచేసే త్రాటిల్ ఇరుసు చివర మూడు వైర్లతో కూర్చున్నది త్రాటిల్ పొజిషన్ సెన్సార్, ఎగ్జాస్ట్‌లోకి బిగించింది ఆక్సిజన్ సెన్సార్. పైగా అంతర్వేది నుంచి ఓడలరేవు దాకా ఉప్పుగాలి తినే బండ్లు మనవి, చచ్చిందన్న సెన్సార్ క్లిప్పు ఊడదీసి చూడండి, లోపల చిలుం పట్టి ఉంటుంది. ఉప్పు కాగితంతో నాలుగు రుద్దులు రుద్దితే పోయేదానికి వేలు గుంజుతారు.

ఇక ఆ 'ఎక్స్‌ట్రా' గొట్టం. అది బ్రీదర్. పిస్టన్ల పక్కనుంచి కొంత గ్యాసు ఎప్పుడూ కిందికి జారుతూనే ఉంటుంది, అది బయటికి పోవాలి. ఒక పైపు ఎయిర్ క్లీనర్‌కి, ఇంకొకటి ఆ గ్యాసు పోకని అదుపుచేసే పీసీవీ వాల్వు మీదుగా, ఇంజన్‌లోకి గాలి వెళ్లే మానిఫోల్డ్‌కి వెళుతుంది. వాల్వు తీసి చెవి దగ్గర ఊపితే గలగలమనాలి, అనకపోతే జామైనట్టు. ఇంటి నుంచి కొబ్బరితోటకి, తోట నుంచి ఇంటికి తిరిగే బండి పూర్తిగా వేడెక్కదు, లోపల చెమ్మ ఆరదు, ఆయిల్ మూత కింద తెల్లటి మీగడ కడుతుంది. అలాంటి బండికి బ్రీదర్ మరీ ముఖ్యం. మనవాళ్లేం చేస్తారు? ఆయిల్ ఆవిరొస్తోందని పైపులో బోల్టు కొట్టి క్లిప్పు బిగిస్తారు. కుక్కర్ విజిల్ గోల చేస్తోందని దాని మీద సన్నికల్లు పెట్టినట్టు! అప్పుడు ప్రెషరు సీళ్లని తన్నుకుంటూ పోతుంది, డిప్‌స్టిక్ ఎగిరిపడుతుంది, అన్నివైపులా ఆయిల్ కారుతుంది. కారితే ఏమంటారో తెలుసుగా? ఇంజన్ బోరుకొచ్చిందండి, సిలిండర్లు అరిగిపోయాయండి.

ఇక్కడిదాకా నవ్వొచ్చు. ఆయిల్ లైటు సంగతికొస్తే నాకు నవ్వు రాదు. మా బాబాయ్ రిటైరయ్యాక ఇష్టపడి ఉంచుకున్న కారది. ఎర్ర లైటు వెలుగుతోందని షెడ్డుకిస్తే, ఆ దుర్మార్గుడు ఆయిల్ గేజీ పెట్టి ప్రెషరు చూడలేదు, స్విచ్చి మార్చలేదు, వైరు కోసేశాడు. కోసేసి, "సెట్ చేశానండి" అని డబ్బులు తీసుకున్నాడు. సిద్ధాంతం ఊరి దగ్గర గోదావరి వంతెన మీద ఇంజన్ పట్టేసింది. వెనక లారీలు హారన్లు కొడుతుంటే డెబ్భై ఏళ్ల మనిషి రైలింగ్ పట్టుకుని నిలబడ్డాడు. ట్రాక్టర్‌కి కట్టి లాక్కొస్తే అదే షెడ్డువాడు ఏమన్నాడో తెలుసా? "పాత బండి కదండీ, లైఫ్ అయిపోయింది." ఇంజన్ గొంతు కోసింది నువ్వురా! ప్రమాదం ఉందని అరిచిన ఒక్క ముక్కనీ చంపేసి, వయసు మీదికి తోస్తావా?

కాబట్టి షెడ్డు నుంచి బండి తెచ్చుకునేటప్పుడు, బిల్లు కట్టకముందే, స్టార్ట్ చేయకుండా తాళం 'ఆన్' దాకా తిప్పండి. ఆయిల్ లైటు ఎర్రగా వెలగాలి, ఇంజన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎందుకని అడగండి. "అదంత అవసరం లేదండి" అన్నాడా, పైసా కూడా కట్టకండి, తిరిగి అతికించేదాకా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి.