మెదడు లోతుల్లో వయసు ఒకే తీరుగా నడవదు

వయసు పైబడితే మెదడు కుంచించుకుపోతుందన్న మాటలో నిజముంది గానీ, ఆ మాట ఒక్కటే పట్టుకుని బెంగపడేవారు చాలామంది. స్కానింగ్ రిపోర్టులో ‘వయసు వల్ల క్షీణత’ అన్న ఒక్క వాక్యం చదివి, మతిమరుపు జబ్బు మొదలైందని నిద్ర కరవు చేసుకుంటారు.

మెదడు పైపొర కింద లోతున ఉండే భాగాలన్నీ ఒకే వేగంతో ముదరవు. కదలికలకూ అలవాట్లకూ ఆధారమైన కాడేట్, పుటామెన్ యౌవనం నుంచే నెమ్మదిగా తగ్గుతూ వస్తాయి. కొత్త సంగతులను జ్ఞాపకంగా మలిచే హిప్పోక్యాంపస్ నడివయసు దాకా చాలావరకు నిలకడగా ఉండి, అరవై దాటాక జోరుగా తగ్గుతుంది. మెదడు కాండంలో మార్పు స్వల్పమే.

తగ్గడమంటే నాడీకణాలు చచ్చిపోవడమేనని అనుకోనక్కరలేదు. హిప్పోక్యాంపస్‌లోని కణాలను లెక్కించి 1994లో ప్రచురించిన పరిశోధనలో, అల్జీమర్స్ రోగుల హిప్పోక్యాంపస్‌లో సీఏ1 అనే ప్రాంతంలో కనబడిన భారీ నష్టం మామూలు వృద్ధాప్యంలో కనబడలేదు. అక్కడ కణం మిగిలే ఉంటుంది. పలచబడేది దాని కొమ్మలూ, ఇతర కణాలతో దానికున్న సంధులూ. కదలికలకు తోడ్పడే డోపమిన్ అనే రసాయనాన్ని తయారుచేసే సబ్‌స్టాన్షియా నైగ్రా అనే లోతు భాగం సంగతి వేరు: అక్కడ ఆరోగ్యవంతుల్లో కూడా పదేళ్లకు సుమారు 5 శాతం కణాలు పోతాయని 1991 నాటి లెక్క. చొక్కా గుండీ పెట్టుకోవడానికి మునుపటికన్నా కాసేపు ఎక్కువ పట్టడంలో ఈ డోపమిన్ తరుగుదలకూ కొంత పాలు ఉంది.

ఇక ఇనుము. లోతు భాగాల్లో, ముఖ్యంగా గ్లోబస్ పాలిడస్‌లో, అది ముప్పై ఏళ్ల దాకా వేగంగా పేరుకుంటుందని స్వీడన్ పరిశోధకులు 1958లోనే చూపారు. పుటామెన్‌లో ఆ తర్వాత కూడా పెరుగుతూనే ఉంటుంది. ఈ ఇనుము ఎంఆర్ఐ సంకేతాన్నే మార్చేస్తుంది కాబట్టి, పక్కనున్న తెల్లపదార్థంతో (నాడీతంతువుల పొరతో) సరిహద్దు మసకబారి, కొలతలో భాగం ఉన్నదానికన్నా చిన్నదిగా తేలే అవకాశం ఉంది. చిత్రంలో కనబడిన తరుగుదల అంతా మెదడుదే అనుకోవడానికి లేదు.

పోలికలోనూ ఒక చిక్కు ఉంది. ముప్పై ఏళ్లవారిని, ఎనభై ఏళ్లవారిని పక్కపక్కన పెట్టి పోల్చినప్పుడు వయసు తేడాతో పాటు తరాల మధ్య చదువు, పోషణ తేడాలు కూడా కలిసిపోతాయి. నా దృష్టిలో, ఒకే మనిషికి కొన్నేళ్ల ఎడంతో తీసిన రెండు స్కాన్లు చెప్పినంత ఒక్క స్కాన్ చెప్పలేదు. ఏ భాగం, ఎంత, దేనితో పోలిస్తే తగ్గిందో స్కానింగ్ రిపోర్టులో రాయాలి. ఆ మూడూ లేనప్పుడు వైద్యుణ్ణి నిలేసి అడిగే హక్కు రోగికి ఉంది.