ప్రతి మొక్కకూ ఒకే కీటకమా? ఒక ప్రచారానికి ఖండన

"ప్రకృతి ప్రతి మొక్కకూ ఒక కీటకాన్ని జత చేసింది. పువ్వులూ కీటకాలూ ఒకే కాలంలో, ఒకదాని కోసం ఒకటి పుట్టాయి. మొక్క తిండి పెడుతుంది, కీటకం పరాగ సంపర్కంతో ఆ రుణం తీర్చుకుంటుంది. ఈ జంటలు ఏనాడూ మారవు కనుక ఒకటి పోతే రెండవదీ పోతుంది." ఈ సారాంశంతో కూడిన సందేశం రకరకాల బొమ్మలతో, వీడియోలతో సామాజిక మాధ్యమాల్లో తిరుగుతూనే ఉంది. చదవడానికి ఇంపుగా ఉండటం వల్ల, చివరి మాటలో పర్యావరణం గురించిన ఆదుర్దా ధ్వనించడం వల్ల దాన్ని ప్రశ్నించాలని చాలామందికి తోచదు. ఆ ఆదుర్దా నాకూ ఉంది. అయితే కోట్ల సంవత్సరాలుగా కుదురుతూ, చెదురుతూ, మళ్లీ కొత్తగా అల్లుకుంటూ వచ్చిన సంబంధాలను మార్పులేని జంటల పట్టికగా కుదించినప్పుడు, వాటిలో తెలుసుకోదగిన విషయమే కనుమరుగవుతుంది. అందుకే ఆ మాటలను ఒక్కొక్కటిగా పరిశీలిస్తున్నాను.

పువ్వులూ కీటకాలూ ఒకే కాలంలో పుట్టాయన్న మాటను శిలాజాలు అంగీకరించవు. స్కాట్లండ్‌లోని రైనీ గ్రామం దగ్గర, సుమారు 41 కోట్ల సంవత్సరాల నాటి రాళ్లలో, కీటకాలకు దగ్గరి బంధువులైన ఆరు కాళ్ల జీవుల అవశేషాలు దొరికాయి. పుష్పించే మొక్కలవని నిస్సందేహంగా చెప్పగల పుప్పొడి రేణువులు దాదాపు 13 కోట్ల సంవత్సరాల నాటి పొరల నుంచే కనిపిస్తాయి. అంటే పువ్వన్నదే లేని లోకంలో ఆరు కాళ్ల జీవులు పాతిక కోట్ల సంవత్సరాలకు పైగా బతికాయి. అంతకాలం అవి మొక్కల జోలికి పోలేదని అనుకోవడానికీ వీల్లేదు. అమెరికాలోని ఇలినాయ్ ప్రాంతంలో దొరికిన, సుమారు 30 కోట్ల సంవత్సరాల నాటి చెట్టు ఫెర్న్‌ల ఆకు కాడల్లో, లోపల చేరిన పురుగు తినడం వల్ల ఏర్పడిన బుడిపెలు నేటికీ స్పష్టంగా కనిపిస్తున్నాయి.

ఇంతకంటే ఆశ్చర్యకరమైన ఆధారం జర్మనీలో దొరికింది. సుమారు 20 కోట్ల సంవత్సరాల నాటి మట్టి పొరల నుంచి తీసిన మాత్‌ల (సీతాకోకచిలుకలకు బంధువులైన, ఎక్కువగా రాత్రిపూట ఎగిరే కీటకాల) రెక్కల పొలుసులను 2018లో శాస్త్రవేత్తలు వర్ణించినప్పుడు, వాటిలో కొన్ని లోపల బోలుగా ఉన్నాయని తేలింది. అటువంటి పొలుసులు నేడు తొండం ఉన్న వంశాలలోనే ఉంటాయి కాబట్టి, తేనె పీల్చడానికే పుట్టిందని మనం అనుకునే తొండం పువ్వుకంటే ముందే వచ్చిందని అర్థమవుతోంది. పైన్, సైకస్ వంటి, పువ్వు లేకుండానే విత్తనాలు కాసే వివృతబీజ మొక్కలలో పుప్పొడిని పట్టుకోవడానికి ఊరే తీపి బిందువులను ఆ మాత్‌లు తాగి ఉండవచ్చు. నేటికీ ఆస్ట్రేలియాలో కొన్ని సైకస్ వర్గపు మొక్కలకు తామర పురుగులే పరాగ సంపర్కం చేస్తాయి, అక్కడ పువ్వు ప్రసక్తే లేదు. 1993లో కాన్రాడ్ లాబాందెరా, జాక్ సెప్కోస్కీ కీటక కుటుంబాల (దగ్గరి సంబంధమున్న జాతులు చేరిన పెద్ద సమూహాల) శిలాజ చరిత్రనంతా లెక్కగట్టి, నేటి కీటకాల విస్తరణ సుమారు 24.5 కోట్ల సంవత్సరాల క్రితమే మొదలైందని, పుష్పించే మొక్కలు వ్యాపించిన తరువాత కుటుంబాల సంఖ్య పెరిగే వేగం ఎక్కువ కాలేదని చూపారు.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. కుటుంబాల లెక్క వేరు, వాటిలోని జాతుల లెక్క వేరు. 1988లో చార్లెస్ మిటర్, ఆయన సహచరులు మొక్కలను తినే కీటక వంశాలను, వాటి తోబుట్టువులై ఉండి మొక్కలను తినని వంశాలతో పోల్చినప్పుడు, 13 జతలలో 11 జతలలో మొక్కలను తినే వంశానికే ఎక్కువ జాతులు ఉన్నాయి. కనుక కీటకాల వైవిధ్యానికి మొక్కలు గొప్ప కారణమన్నది నిజమే. తప్పల్లా రెండూ ఒకేసారి, ఒకదాని కోసమే పుట్టాయనడంలో ఉంది.

ఒక మొక్కకు ఒక కీటకం అన్న లెక్క దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే దానికి దగ్గరి ఊహ ఒకటి ఒకప్పుడు శాస్త్రాన్నే పెద్ద చర్చలోకి దించింది. అమెరికాలోని స్మిత్సోనియన్ పరిశోధన సంస్థకు చెందిన టెర్రీ ఎర్విన్ పనామా అడవిలో లూహియా సీమానీ అనే ఒకే జాతికి చెందిన 19 చెట్ల కొమ్మలకు పురుగుమందు పొగ పట్టించి, కిందికి రాలిన పెంకు పురుగులను ఏరి చూస్తే, వాటిలో 1,100కు పైగా జాతులు ఉన్నాయి. వీటిలో 163 జాతులు ఈ ఒక్క చెట్టునే నమ్ముకుని బతుకుతాయని ఆయన అంచనా వేసుకున్నారు. ఉష్ణమండలంలో 50,000 చెట్టు జాతులు ఉన్నాయనుకుంటే, ఆ లెక్కన చెట్ల కొమ్మల్లో బతికే పెంకు పురుగులే 81 లక్షలు దాటుతాయి. సంధిపాద జీవుల్లో (కీటకాలు, సాలీళ్లు వంటి కీళ్ల కాళ్ల జీవుల్లో) పెంకు పురుగులు 40 శాతమనుకుంటే మొత్తం 2 కోట్లవుతుంది, నేల మీద బతికేవాటిని కలిపితే 3 కోట్లు. 1982లో అచ్చయిన ఈ చిన్న వ్యాసంలోని సంఖ్యను ప్రపంచమంతా ఉటంకించింది. ఎర్విన్ దాన్ని పరీక్షించదగిన ఊహగానే ముందుంచారు, అది ఆయన నిజాయితీ. ఊహను తేలిన సత్యంగా మార్చుకున్నది ఉటంకించినవారు.

ఆ లెక్క మొత్తం ఒక్క మేకు మీద వేలాడుతోంది. ఒక చెట్టుకే కట్టుబడిన పురుగులు నిజంగా ఎన్ని? వోయ్‌టెక్ నోవోత్నీ బృందం న్యూగినీ అడవిలో 51 మొక్క జాతుల మీద 900కు పైగా కీటక జాతులు ఏవేవి తింటున్నాయో ఏళ్ల తరబడి పరిశీలించి, 2002లో ఫలితాలు ప్రకటించింది. ఎక్కువ కీటకాలు ఒకే జాతి మొక్కను కాక, దగ్గరి బంధుత్వం ఉన్న అనేక జాతులను తింటున్నాయని తేలింది. ఉష్ణమండలపు అడవిలో ఒకే ప్రజాతికి (దగ్గరి బంధుత్వమున్న జాతుల సమూహానికి) చెందిన చెట్లు పక్కపక్కనే చాలా ఉంటాయి కనుక, ప్రతి చెట్టుకూ ప్రత్యేకమైన పురుగుల జాబితా ఉంటుందన్న ఊహ నిలబడలేదు. 3 కోట్లకు పైగా ఉన్న అంచనా 40 నుంచి 60 లక్షలకు దిగింది. ఒక మొక్కకు ఒక కీటకం అన్న మాటలో ఎంత పొరపాటు దాగి ఉందో ఈ తేడా చెబుతుంది.

మరి ఎప్పుడూ చూపే ఉదాహరణల సంగతేమిటి? మడగాస్కర్ ఆర్కిడ్‌లో దాదాపు 30 సెంటీమీటర్ల తేనె గొట్టాన్ని చూసి, అంత పొడవు తొండమున్న మాత్ ఉండి తీరాలని 1862లో డార్విన్ చెప్పడం, 1903లో ఆ మాత్‌ను వర్ణించడం నిజమే. అది అరుదు కనుకనే అంత ప్రసిద్ధి పొందింది. మర్రి, రావి, మేడి చెట్లు చేరిన ఫైకస్ ప్రజాతిలో 750కి పైగా జాతులున్నాయి, ఒక్కొక్క జాతికి ఒక్కొక్క చిన్న కందిరీగ అని పాఠ్యపుస్తకాలు చాలాకాలం రాశాయి. జన్యు పరీక్షలు మొదలైన తరువాత, ఒకే చెట్టు జాతికి రెండు మూడు కందిరీగ జాతులు, కొన్నిచోట్ల ఒకే కందిరీగకు ఒకటికి మించిన చెట్టు జాతులు ఉన్నట్టు బయటపడింది. అతి గట్టి జంటగా పేరుపడిన చోటే నియమం ఇలా సడలి ఉంది.

తిండి పెట్టడం, రుణం తీర్చుకోవడం అన్న చెలిమి చిత్రం గురించి నా అభ్యంతరం బలమైనది. మొక్కను తినే కీటకాలలో అత్యధికం దానికి ఏ సేవా చేయవు. ఆకును నమిలే పురుగును ఆపడానికే ఆవాలు, క్యాబేజీల వంశం ఘాటైన రసాయనాలను తయారు చేసుకుంది. తెల్ల సీతాకోకచిలుకల గొంగళి పురుగులు ఆ రసాయనాన్ని విషంగా మారనివ్వకుండా దారి మళ్లించే ప్రోటీన్‌ను సమకూర్చుకున్నాయి. జిల్లేడు కుటుంబపు మొక్కల పాలలోని విషం జంతు కణాలలో సోడియం, పొటాషియంలను తోడే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ మొక్కలను తినే మోనార్క్ సీతాకోకచిలుకలోనూ, దానితో దగ్గరి బంధుత్వం లేని పెంకు పురుగులలోనూ, రసం పీల్చే నల్లి వర్గపు పురుగులలోనూ ఆ ఎంజైములో ఒకే స్థానంలో ఒకే మార్పు విడివిడిగా తలెత్తింది. పాల్ ఎర్లిక్, పీటర్ రేవన్ 1964లో సహపరిణామం (ఒకదాని మార్పుకు ప్రతిగా మరొకటి మారుతూ పోవడం) గురించి రాసినప్పుడు వారి దృష్టిలో ఉన్నది ఈ పోరే.

సేవ చేసేచోట కూడా పోరు ఆగదు. అడవి పొగాకు జాతి ఒకటి రాత్రిపూట పూసి మాత్‌లను పిలుస్తుంది. అవి తేనె తాగి, పుప్పొడి మోసి, ఆ ఆకుల మీదే గుడ్లు పెట్టిపోతాయి. గొంగళి పురుగులు ఆకులను తినడం మొదలుపెట్టగానే ఆ మొక్క ఉదయం విచ్చుకునే పువ్వులను పూయసాగి, మాత్‌కు బదులు హమ్మింగ్ పక్షులను ఆకర్షిస్తుందని 2010లో ప్రచురితమైన పరిశోధన చూపింది. మేలు చేసేదీ కీడు చేసేదీ ఒకే కీటకమైనప్పుడు మొక్క లెక్క చూసుకుంటుంది. దీన్ని రుణం తీర్చుకోవడంగా వర్ణిస్తే ఆ మొక్క చేసిన పనిలోని సూక్ష్మత మనకు అందదు.

జంటలు ఏనాడూ మారవన్నది పూర్తిగా తప్పు. ఉత్తర అమెరికాలో హాథార్న్ అనే ముళ్ల చెట్టు కాయలలో గుడ్లు పెట్టే ఒక ఈగ, ఐరోపా నుంచి వచ్చినవారు ఆపిల్ తోటలు వేసిన తరువాత, 19వ శతాబ్దం మధ్యకాలంలో ఆపిల్‌కు మారింది. ఆపిల్ ముందుగా పండుతుంది కనుక దాన్ని ఆశ్రయించిన ఈగలు ముందుగా బయటికి వస్తాయి, ఇప్పుడు ఆ రెండు సమూహాల మధ్య జన్యుపరమైన తేడాలు ఉన్నాయి. ఇదంతా రెండు శతాబ్దాలు నిండకముందే జరిగింది.

ఒకటి పోతే రెండవదీ పోతుందన్న భయంలో మాత్రం నిజం ఉంది, కానీ దాని కారణం సందేశం చెప్పినది కాదు. అమెరికాలోని నెవాడాలో ఒక పచ్చిక మైదానంలో ఎడిత్ చెకర్‌స్పాట్ అనే సీతాకోకచిలుక కొలిన్సియా అనే చిన్న స్థానిక మొక్క మీద గుడ్లు పెట్టేది. పశువుల పెంపకంతో పాటు అక్కడికి చేరిన ప్లాంటాగో అనే పరాయి మొక్క ఎక్కువ రోజులు పచ్చగా ఉండటంతో, గొంగళి పురుగులు దాని మీద బాగా బతికాయి. తరాలు గడిచేకొద్దీ ఆ సమూహం మొత్తం ప్లాంటాగోనే కోరుకునేలా పరిణామం చెందింది. తరువాత అక్కడ పశువులను మేపడం మానేశారు. గడ్డి ఏపుగా పెరిగి ప్లాంటాగోను కమ్మేసింది, నీడలో వేడి చాలక గొంగళి పురుగులు ఎదగలేకపోయాయి, ఆ సమూహం అంతరించింది. ఈ గాథను దశాబ్దాల పాటు గమనించిన మైకేల్ సింగర్, కెమిల్ పార్మెసాన్ 2018లో దాన్ని ప్రచురించారు. కొలిన్సియా ఆ మైదానంలో అంతకాలమూ ఉంది, కానీ దాని మీద గుడ్లు పెట్టే సీతాకోకచిలుక అక్కడ ఒక్కటీ మిగలలేదు. ఆ తరువాత వేరేచోటు నుంచి వచ్చి అక్కడ మళ్లీ స్థిరపడిన చెకర్‌స్పాట్‌లు ఆ పాత మొక్కనే తింటున్నాయి.