సూక్ష్మదర్శినికి బీరువాయే క్షేమం

ప్లస్ త్రీ (డిగ్రీ) మొదటి సంవత్సరంలో కణజీవశాస్త్రం పేపరు చదువుతున్న కొందరు విద్యార్థులు, బీరువాలో ఉన్న సూక్ష్మదర్శినులను బయటకు తీయించి తమ చేత తిప్పించాలని ఈ మధ్య అడగడం మొదలుపెట్టారు. ఒడిశాలోని గజపతి, రాయగడ జిల్లాల్లో, అంటే ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, పరీక్షలో ఇంగ్లీషుగా చదువు సాగే మా సరిహద్దు ప్రాంతంలో, ఇలాంటి కోరిక పుట్టడం ఆందోళన కలిగించే పరిణామం. ఫలానా కళాశాల అని పేరు చెప్పి ఎవరినీ ఇబ్బంది పెట్టదలచుకోలేదు. కణాన్ని ఎన్నడూ చూడకుండానే కణశాస్త్రంలో ప్రథమ శ్రేణి తెచ్చుకున్నవారు మా వైపు ప్రతి వీధిలోనూ ఉన్నారు; వారిలో కొందరు ఇప్పుడు అదే పేపరు చెబుతున్నారు కూడా. ఒక బోధనా పద్ధతి విజయవంతమైందనడానికి ఇంతకు మించిన రుజువు ఏముంటుంది?

చూడటం వల్ల కలిగే అనర్థాలకు శాస్త్ర చరిత్రే సాక్ష్యం. 1665లో రాబర్ట్ హుక్ కార్కు ముక్కను పలుచగా కోసి అద్దం కింద పెట్టి, గదులు గదులుగా ఉందని చెప్పి, ఊరుకోక ఘనపుటంగుళానికి 125,97,12,000 గదులుంటాయని లెక్క కూడా కట్టాడు. తీరా ఆయన చూసినవి ప్రాణం పోయిన కణాల గోడలు మాత్రమే. హాలండ్‌లోని డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసుకునే లీవెన్‌హుక్‌కు ఏ డిగ్రీ లేదు; ఆయన తన పళ్ల మీది గారను గీరి చూసి, అందులో ప్రాణులు ఈదుతున్నాయని 1683లో లండన్‌కు ఉత్తరం రాశాడు. డిగ్రీ లేనివాడి నోట్లో డిగ్రీ ఉన్నవారి శాస్త్రం ఈదడం ఎంత అవమానం! ఇక జర్మన్ వృక్షశాస్త్రవేత్త ష్లీడన్ సంగతి మరీ విచిత్రం. మొక్కలన్నీ కణాలతోనే తయారయ్యాయని 1838లో సరిగానే చెప్పినవాడు, కొత్త కణాలు కేంద్రకం చుట్టూ స్ఫటికాల మాదిరిగా పేరుకుంటాయని అదే నోటితో అన్నాడు. అంత సేపు కన్ను ఆనించి చూసినవాడే పొరబడితే, అసలు చూడని మా విద్యార్థుల ఆధిక్యం ఎంతటిదో వేరే చెప్పనక్కరలేదు. వారు కణం విషయంలో ఒక్క పరిశీలన దోషమైనా చేసిన దాఖలా లేదు.

అలాగని మా ప్రయోగశాలల్లో కణానికి మర్యాద జరగదని అనుకోకూడదు. ఉల్లిపొర ప్రయోగం ప్రతి ఏటా జరుగుతుంది. సంతలో కొన్న కిలో ఉల్లిపాయల్లో ఒకదాని లోపలి పొరను గోరంత ఒలిచి, సఫ్రానిన్ అనే ఎర్ర రంగు చుక్క వేసి, కవర్ స్లిప్ అనే పలుచని గాజుముక్క కప్పి, బల్ల మీదికి వచ్చిన ఏకైక సూక్ష్మదర్శిని కింద పెడతారు. మిగిలిన ఉల్లిపాయలకూ, ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో వచ్చిన పకోడీల వాసనకూ గల సంబంధం సిలబస్ పరిధిలోనిది కాదు. తరువాత తరగతి అంతా వరుసలో నిలబడుతుంది. ఒక్కొక్కరికీ ఒక రెప్పపాటు సమయం దక్కుతుంది. ఎవరైనా స్క్రూ మీద చెయ్యి వేస్తే అటెండరు, "అమ్మా, అది ముట్టుకోకండి, సార్ ఫోకస్ పెట్టి ఎల్లారు" అని వారిస్తాడు. ఆయన కంగారులో న్యాయముంది, ఎందుకంటే 45 రెట్ల కటకాన్ని గబుక్కున దించితే కిందున్న గాజు పలక పగులుతుంది, ఆ పగులు ఆయన జీతంలోకే వస్తుంది. ఆ రెప్పపాటులో చాలామందికి కనిపించేవి తమ కనురెప్పల వెంట్రుకలే. కొంచెం అదృష్టవంతులకు కవర్ స్లిప్ కింద చిక్కిన గాలిబుడగ, నల్లటి అంచుతో, గుండ్రంగా, పుస్తకంలోని పటం కన్నా అందంగా కనిపిస్తుంది. దానినే కణమని నమ్మి బయటకు వచ్చినవారిని నేనెరుగుదును. వారి విశ్వాసం ఇప్పటికీ చెక్కుచెదరలేదు.

చూసింది గాలిబుడగ కాబట్టి, గీయవలసింది వేరే చోట నుంచి తెచ్చుకోవాలి. ఇక్కడే మా ప్రాంతపు నిజమైన ప్రతిభ బయటపడుతుంది. ప్రతి కణమూ మరొక కణం నుంచే పుడుతుందని 1855లో జర్మన్ వైద్యుడు విర్చో చాటిన సూత్రం మా జిల్లాల్లో రికార్డు పుస్తకాల విషయంలో అక్షరాలా నిజమైంది. ప్రతి రికార్డూ మరొక రికార్డు నుంచే పుడుతుంది. శూన్యం నుంచి పుట్టిన రికార్డును ఇంతవరకు ఎవరూ చూడలేదు. 1936లో ఒడిశా వేరు ప్రావిన్సు అయినప్పుడు పర్లాకిమిడి ఒక పక్కకూ పాతపట్నం మరో పక్కకూ పోయాయి గాని, రికార్డులు ఆ గీతను ఏనాడూ గుర్తించలేదు. గునుపురంలో రైలెక్కిన రికార్డు కాశీనగరం, పర్లాకిమిడి, పాతపట్నం దాటి నౌపడా దాకా నిరాటంకంగా ప్రయాణించి, సెలవులయ్యాక కొత్త అట్టతో తిరిగివస్తుంది.

కణం తన డీఎన్ఏను నకలు తీసేటప్పుడు, దిద్దుబాట్లన్నీ పూర్తయ్యాక, దాదాపు వంద కోట్ల అక్షరాలకు ఒక తప్పు మిగులుతుంది. రికార్డు నకళ్లలో అంత నిష్ఠ ఆశించడం అన్యాయం, ఎందుకంటే కణానికి మర్నాడు పొద్దున్నే సబ్మిషన్ ఉండదు. అందువల్ల మా వైపు రెండు స్పష్టమైన వంశాలు ఏర్పడ్డాయి. పర్లాకిమిడి వంశంలో, ఉల్లి వేరుకొనలో కణం రెండుగా చీలే సమవిభజన పటంలో, క్రోమోజోములను చెరోవైపుకు లాగే దారాల కండెకు రెండు కొనల వద్దా సెంట్రియోళ్లు అనే చిన్న గొట్టాల్లాంటి కణాంగాలు ఉంటాయి. పుష్పించే మొక్కల కణాల్లో సెంట్రియోళ్లు ఉండవనీ, కండె అవి లేకుండానే ఏర్పడుతుందనీ పాఠంలోనే ఉంది. ఏ కాలపు సీనియరో జంతుకణ విభజన పటాన్ని ముందు పెట్టుకుని గీసి ఉంటాడు, అది తరతరాలుగా నిలిచిపోయింది. గునుపురం వంశంలో ఉల్లిపొర కణాల నిండా హరితరేణువులు ఉంటాయి. తెల్లటి ఉల్లి లోపలి పొరలో హరితరేణువులు ఎక్కడివని అడిగే అవకాశం ఎవరికీ రాలేదు, ఆకుపచ్చ పెన్సిలు కొన్నాక దాన్ని వాడకుండా ఉండటమూ కష్టమే. కాశీనగరంలో ఇల్లు, గునుపురంలో బావ, పర్లాకిమిడిలో వదిన ఉన్న ఒక విద్యార్థి అయితే ఇద్దరి రికార్డులూ తెచ్చుకుని రెండు వంశాల లక్షణాలనూ ఒకే పుస్తకంలో ప్రదర్శించాడు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన అధ్యాపకుడు ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో టిక్కు పెట్టి, చివర 'గుడ్' అని రాశారు. తప్పుకు మార్కు తగ్గితేనే గదా ప్రకృతి వరణం పనిచేసేది. ఆ ఒత్తిడి లేని చోట ఉత్పరివర్తనలన్నీ సుఖంగా వర్ధిల్లుతాయని జీవశాస్త్రమే చెబుతోంది, మేము దానికి ఉదాహరణగా నిలిచాం.

ఈ నకలు విధానాన్ని మారుమూల జిల్లాల రోగంగా చూసేవారికి ఒక మాట. మనిషి కణంలో 48 క్రోమోజోములు ఉంటాయని 1923లో థియోఫిలస్ పెయింటర్ తేల్చారు. ఆ తరువాత మూడు దశాబ్దాల పాటు ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు, మంచి సూక్ష్మదర్శినుల ముందు కూర్చుని, 48 అనే లెక్కించాయి. అంటే శాస్త్రలోకమంతా పెయింటర్ గారి రికార్డు చూసి రాసిందన్నమాట. స్వీడన్‌లోని లుండ్‌లో చియో, లెవాన్ అనే ఇద్దరు కణాలను ఉప్పు తగ్గించిన ద్రావణంలో ఉబ్బించి, క్రోమోజోములను విడదీసి, ఎవరి మాటా వినకుండా లెక్కపెట్టి 46 అని 1956లో ప్రకటించేదాకా అందరూ మనశ్శాంతితో ఉన్నారు. ఆ ఇద్దరి వల్ల ఎన్ని పుస్తకాలు మళ్లీ అచ్చు వేయవలసి వచ్చిందో ఆలోచించండి. మా వద్ద అటువంటి విధ్వంసం జరగదని హామీ ఇవ్వగలను.

పటం విషయానికి వస్తే, అది కణం కన్నా ఉదారమైనదని ఒప్పుకోవాలి. సుమారు 20 మైక్రోమీటర్ల కణాన్ని రికార్డు పేజీలో పది సెంటీమీటర్ల వెడల్పున గీస్తే అది అయిదు వేల రెట్లు పెంచినట్టు. అసలు కణత్వచం మందం ఏడెనిమిది నానోమీటర్లు. అదే నిష్పత్తిలో గీయాలంటే గీత మందం మిల్లీమీటరులో ఇరవై అయిదో వంతు కావాలి. హెచ్‌బీ పెన్సిలుతో అది సాధ్యం కాదు గనుక విద్యార్థి పది రెట్లకు పైగా మందంతో, అదీ రెండు గీతలుగా, కోటగోడ కడతాడు. ప్రోటీన్లు తయారుచేసే, లక్షల సంఖ్యలో ఉండే రైబోసోములకు బదులు ఇరవై చుక్కలు పెడతాడు. మైటోకాండ్రియా సజీవ కణంలో సాగుతూ, ఒకదానితో ఒకటి కలుస్తూ, విడిపోతూ, కొన్ని కణాల్లో వలలా అల్లుకుని తిరుగుతుంది. పటంలో మాత్రం నిలువునా కోసిన గోళీ మాత్రలా, ప్రతి కణంలో సరిగ్గా మూడు చోట్ల, ఏ ఏటికా యేడు అదే స్థలంలో పడుకుని ఉంటుంది. వైవాలో దాని గురించి అడిగితే, కణ శక్త్యాగారం అన్న ఒక్క మాటతో ముగుస్తుంది. 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ ఒక పత్రికా వ్యాసానికి ఆ పేరు పెట్టారు; ఆ శీర్షిక మాత్రం పాతపట్నం అవతలి నుంచి రాయగడ కొండల దాకా అందరికీ నోటికి వచ్చు, దాని కింది వ్యాసం ఎవరికీ అవసరపడలేదు.

ఆ శక్త్యాగారంలో తయారై, కణానికి శక్తి నాణెంలా ఖర్చయ్యే ఏటీపీ అణువు విషయంలో తెలుగువారికి ఒక ఇబ్బంది ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి కండరంలోని భాస్వరాన్ని కొలుస్తూ 1929లో ఏటీపీని పట్టుకున్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా పట్టుకున్నారు. మనవాడే అని గర్వపడదామంటే, ఆయన గైడు చూసి రాయకుండా స్వయంగా కొలిచిన మనిషి, విద్యార్థులకు అంత మంచి ఆదర్శం కాదు. అందుకే పాఠంలో ఆయన పేరు దాటవేసి నేరుగా లెక్కలోకి వెళ్లడం ఆచారమైంది. ఒక గ్లూకోజు అణువుకు 38 ఏటీపీ అని జవాబుల కీ చెబుతుంది. ప్రోటాన్లు కొన్ని దారిలో జారిపోతాయి, రవాణాకు కొంత ఖర్చవుతుంది, కనుక వాస్తవంలో 30 నుంచి 32 మాత్రమే వస్తాయని ఇటీవలి పుస్తకాలు సవరించాయి. జారిపోయినదాన్ని లెక్కలో చూపకపోవడం మన ప్రాంతంలో ఏ పద్దుకైనా ఉన్న పద్ధతే గనుక, 38కే పూర్తి మార్కులు వేయడంలో దోషం కనిపించదు.

సూక్ష్మదర్శినులు కావాలనేవారి వాదనను తర్కంతోనే తోసిపుచ్చవచ్చు. మామూలు కాంతి సూక్ష్మదర్శిని ఎంత మంచిదైనా 0.2 మైక్రోమీటరు కన్నా దగ్గరగా ఉన్న రెండు బిందువులను వేరుగా చూపలేదని ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే వివరించారు. రైబోసోము పరిమాణం 25 నానోమీటర్లకు అటూ ఇటూ. కాబట్టి బీరువా తెరిచినా రైబోసోము కనిపించదు. కొన్ని కణాంగాలు ఎలాగూ కనిపించనప్పుడు, కనిపించే కేంద్రకాన్నీ హరితరేణువునూ మాత్రమే చూపడం పక్షపాతం అవుతుంది. దేన్నీ చూపకపోతే కణాంగాలన్నిటికీ సమాన న్యాయం జరుగుతుంది. అయితే మను ప్రకాష్ బృందం 2014లో ప్రచురించిన ఫోల్డ్‌స్కోప్ వల్ల ఈ న్యాయానికి ముప్పు ఏర్పడింది. కాగితాన్ని మడిచి చిన్న గాజుపూసను కటకంగా అమర్చిన ఆ పరికరం 140 రెట్లు పెంచి చూపుతుంది, జేబులో పడుతుంది, అన్నిటికన్నా ప్రమాదకరంగా, చాలా చవక. దానికి బీరువా లేదు, తాళం లేదు, అటెండరు లేడు.

ముప్పు ఊహాజనితం కాదు. మొదటి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి అలాంటి కాగితపు పరికరంతో చెరువులోని హైడ్రిల్లా ఆకును ఎండకు పట్టి చూసింది. అందులో హరితరేణువులు కణం గోడ వెంబడి ఒకదాని వెనుక ఒకటి తిరుగుతున్నాయి. 1774లో బోనవెంచురా కోర్టీ నీటి మొక్కలో చూసి ఆశ్చర్యపోయిన జీవద్రవ్య ప్రవాహం అదే. పుస్తకంలో ఆ విషయం ఒక వాక్యంగా ఉంది కూడా. ఆమె రికార్డులో ఆ కణాన్ని గీసి, హరితరేణువుల పక్కన బాణం గుర్తులు పెట్టి, "సార్, ఇవి అన్నీ ఒకే వైపు ఎందుకు తిరుగుతున్నాయి?" అని తరగతిలో అడిగింది. సార్ ఆమెను కోప్పడలేదు. మోడల్ రికార్డులో బాణాలు లేవనీ, ఎక్స్‌టర్నల్ అడిగితే జవాబు చెప్పుకోలేమనీ ఎంతో సౌమ్యంగా వివరించి, హరితరేణువులను కదలకుండా మళ్లీ గీసి తెమ్మన్నారు. ఆమె గీసి తెచ్చింది. సంతకం అయింది. వచ్చే ఏడాదికి ఆ రికార్డు తమకే కావాలని జూనియర్లు ఇప్పటికే అడిగి పెట్టుకున్నారు గాని, బాణాలు చెరిపిన చోట కాగితం కాస్త రేగి ఉండటం వల్ల, పర్లాకిమిడి వంశపు రికార్డు కన్నా దానికి ధర తక్కువ పలుకుతోంది.