అంగబలం, అంగడి బనీను

మొన్న బట్టల కొట్టులో బనీన్లు అడిగితే, గుమాస్తా నన్ను ఎగాదిగా చూసి, “శాండోనా సార్, చేతులున్నదా?” అన్నాడు. ఆ చూపు నా ముఖం దాకా రాకుండా చొక్కా నాలుగో గుండీ దగ్గరే ఆగిపోయిందని నా అనుమానం. “శాండోనే” అన్నాను గంభీరంగా. లోకంలో ఇంతటి పరిపూర్ణ దేహం మరొకటి లేదని ఒకప్పుడు లండను, న్యూయార్కు నగరాలు నోరు వెళ్లబెట్టుకుని చూసిన మనిషి పేరు అది. వెనక ముగ్గురు గిరాకీలు నిలబడి ఉండటం వల్ల ఆ సంగతి గుమాస్తాకు వివరించలేకపోయాను కనుక పాఠకులకు వివరిస్తున్నాను.

యూజెన్ శాండో అసలు పేరు ఫ్రీడ్రిష్ విల్‌హెల్మ్ ముల్లర్. 1867లో ప్రష్యా అనే జర్మన్ రాజ్యంలోని కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు. ఆయనకు ముందు బలశాలులు లేకపోలేదు. వాళ్లు బండలెత్తారు, గొలుసులు తెంపారు, కూలి డబ్బు పుచ్చుకుని ఇంటికి పోయారు. 1893లో షికాగో ప్రపంచ ప్రదర్శన రోజుల్లో ఫ్లోరెంజ్ జీగ్‌ఫెల్డ్ అనే కుర్ర నిర్వాహకుడు ఒక విషయం కనిపెట్టాడు. జనం శాండో ఎత్తే బరువును చూడటం లేదు, ఎత్తేటప్పుడు పొంగే కండను చూస్తున్నారు. అంతటితో బరువు వెనక్కి పోయి కండ ముందుకొచ్చింది. ఒంటికి తెల్లపొడి పూసుకుని, గ్రీకు పాలరాతి విగ్రహంలా ఒక కాలు ముందుకు వేసి కదలకుండా నిలబడటమే ప్రదర్శన అయింది. కలవారి ఇంటి ఆడవాళ్లు ధర్మకార్యాలకు చందా ఇచ్చి మరీ ఆ కండలను తాకి చూసి వచ్చేవారు. పని చేయగలిగిన వాడిలా కనిపించి, పని జోలికి పోకుండా పూర్తి జీతం తీసుకునే విధానానికి మన కార్యాలయాలే పుట్టినిల్లని కొందరు గర్వపడుతుంటారు గాని, న్యాయంగా ఆ కీర్తి శాండోకు చెందుతుంది.

1894 మార్చిలో ఎడిసన్ గారి న్యూజెర్సీ స్టూడియోలో డిక్సన్ అనే ఆయన శాండోను చలనచిత్రంగా తీశాడు. నిడివి నిమిషం కూడా లేదు. కథ లేదు, మాట లేదు, చొక్కా అసలే లేదు. మనిషి ఇటు తిరిగి ఒక కండ, అటు తిరిగి ఇంకో కండ చూపిస్తాడు. సినిమా ఇంకా పొత్తిళ్లలో ఉండగానే ఇంతటి పరిణత దృశ్యాన్ని తీసేశారన్నమాట. పతాక సన్నివేశంలో ఇరవై మంది రౌడీలు ఇనప కడ్డీలతో బాదినా ప్యాంటు ఇస్త్రీ చెదరకుండా చొక్కా ఒక్కటే నిలువునా చిరిగే మన కథానాయకుణ్ణి చూసి ఈలలు వేసేవారు ఈ పూర్వచరిత్రను గుర్తించాలి. అసలు సరుకు ఎడిసన్ స్టూడియోలోనే పూర్తయింది. దానికి ముందు మరో రెండున్నర గంటలు చేర్చడం మాత్రమే మన వంతు.

అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కోలో శాండో సింహంతో కుస్తీ పడతాడని చాటింపు వేశారు. తీరా చూస్తే, మన పొలాల్లో నూర్పిడి ఎడ్లకు కట్టినట్టు సింహం మూతికి చిక్కం కట్టి, పంజాలకు తొడుగులు తొడిగి బోనులో నిలబెట్టారు. సింహం కుస్తీకి ఒప్పుకోలేదు. డబ్బిచ్చి వచ్చిన జనం తిట్టుకుంటూ వెళ్లారు. ఆనాడు ఆ బోనులో ఆత్మగౌరవం నిలుపుకున్నది సింహమేనని నా అభిప్రాయం.

తరువాతి సంగతులు వ్యాపార సంగతులు. 1897లో లండన్‌లో వ్యాయామ విద్యాలయం, ఆ మరుసటి ఏడు పత్రిక, ఆపైన స్ప్రింగుల డంబెల్సు, బలానికి శాండో కోకో, ఆడవారికి నడుము బిగించే శాండో కార్సెట్టు వచ్చాయి. కండ చూపించి డబ్బా అమ్మడం నేటి ప్రొటీన్ పొడుల వాళ్లకు పుట్టిన ఊహ కాదని దీన్నిబట్టి తెలుస్తున్నది. 1901 సెప్టెంబరులో రాయల్ ఆల్బర్ట్ హాలులో దేహసౌష్ఠవ పోటీ జరిపించాడు. న్యాయనిర్ణేతలు ముగ్గురిలో ఒకరు శిల్పి చార్లెస్ లాస్, ఒకరు షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కానన్ డాయిల్, మూడోవారు సాక్షాత్తు శాండోయే. గెలిచిన నాటింగ్‌హామ్ నివాసి విలియం ముర్రేకు బహూకరించినదేమిటయ్యా అంటే, శాండో గారి బంగారు బొమ్మ. సొంత పోటీకి సొంత తీర్పు చెప్పి సొంత విగ్రహాన్ని పంచిన ఈ నిరాడంబరతను మన పురస్కార సభల నిర్వాహకులు కొంతవరకు అందుకోగలిగారు గాని, బొమ్మ పోయించే దాకా ఇంకా రాలేదు. మిస్టర్ ఒలింపియా అనే అంతర్జాతీయ కండల పోటీ విజేతకు 1977 నుంచి ఇస్తున్నది ఆ బొమ్మ నమూనానే.

1904-05లో ఆయన మన దేశానికి కూడా వచ్చాడు. వచ్చినవాడు తిరిగి వెళ్లినా పేరు మాత్రం ఇక్కడే ఉండిపోయి, డాక్టరేటులాగా అర్హులందరికీ అంటుకున్నది. మూకీల నాటి నటుడు, దర్శకుడు రాజా శాండోకు పేరు వెనక తగులుకుంటే, జంతువులతో సినిమాలు తీసిన నిర్మాత చిన్నప్ప దేవర్‌కు పేరు ముందు తగులుకున్నది. మన వీరఘట్టంలో పుట్టిన కోడి రామమూర్తి నాయుడు రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకుని, గొలుసులు తెంపి, కలియుగ భీముడనిపించుకున్నాడు. భీముడంటే చిన్నతనమని తోచింది కాబోలు, ఆయనను ఇండియన్ శాండో అని కూడా పిలిచారు. శాండో బరువులెత్తలేదని నేననను, బాగానే ఎత్తాడు. అయితే ఏనుగును మోసిన మనిషిని పొగడటానికి పౌడరు పూసుకుని నిలబడిన మనిషి పేరు కావలసి రావడం మన మర్యాదకు పరాకాష్ఠ.

ఇక ఆయన సొంతం చేసుకున్న దేశం బ్రిటన్ ఏం చేసింది? 1901లో లండన్ సహజ చరిత్ర మ్యూజియం వారు, ఐరోపా జాతికి ఆదర్శ నమూనా అంటూ ఆయన ఒంటికి ప్లాస్టరు పూసి అచ్చు తీశారు. కొద్ది రోజులకే ఆ అచ్చును సామాను గదిలోకి చేర్చారు. 1914లో జర్మనీతో యుద్ధం వచ్చేసరికి కోకోలో జర్మన్ వాసన తగిలి, ఆ వ్యాపారం కూలిపోయింది. 1925లో చనిపోతే పట్నీ వేల్ శ్మశానంలో పూడ్చి, పేరు చెక్కిన రాయి అయినా లేకుండా దశాబ్దాల తరబడి వదిలేశారు. మనమో, ఆయన పేరును రోజూ ఉదయాన్నే పిండి, జాడించి, మేడ మీద తీగకు ఆరేసి, గాలికి పోకుండా క్లిప్పు కూడా పెడుతున్నాము. కండలు చూపించడానికి చేతులు కత్తిరించిన ఆ బనీను మన దగ్గర అరుగు మీద కూర్చుని, విసనకర్రతో వీపు గోక్కుంటూ పేపరు చదివే పెద్దమనుషుల యూనిఫారంగా స్థిరపడింది.

“సైజెంత సార్?” అన్నాడు గుమాస్తా. బనీను మీద వేసే 85, 90, 95 అంకెలు సెంటీమీటర్లలో ఛాతీ కొలతలు. నా ఛాతీ 90 చాలంటుంది. పొట్ట 100 కావాలంటుంది. ఇద్దరిలో పెద్దవారి మాట వినడం మన సంప్రదాయం కనుక 100 తీసుకున్నాను.

డబ్బా మీద ఒక యువకుడి బొమ్మ ఉంది. పలకలు తేలిన పొట్ట, ఒక కాలు ముందుకు, చూపు ఎటో దూరంగా. ఒంటికి తెల్లపొడి పూయడం ఒక్కటే తక్కువ.

“డబ్బాతో ఇమ్మంటారా, బనీను ఒక్కటీ సంచిలో వేసెయ్యనా?”

డబ్బా కొట్టులోనే ఉంచుకోమన్నాను.