సి.ఆర్. రావు ఏ డిపార్ట్‌మెంట్ మనిషి?

గణాంకవేత్త సి.ఆర్. రావుకు, అంటే కల్యంపూడి రాధాకృష్ణారావుకు, 2023లో, 102 ఏళ్ల వయసులో, ఇంటర్నేషనల్ ప్రైజ్ ఇన్ స్టాటిస్టిక్స్ ఇచ్చారు. 1945లో రాసిన పేపరుకు ఆ గుర్తింపు. మన స్టాటిస్టిక్స్ క్లాసుల్లోనూ ఆయన్ని థియరీ మనిషిగానే చెబుతాం. అంచనాలు ఎంత కచ్చితంగా ఉండగలవో చెప్పే క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం బోర్డు మీద నిరూపిస్తాం, పరీక్షలో అడుగుతాం, అక్కడితో సరి.

అదే మనిషి 1946లో కేంబ్రిడ్జి వెళ్లింది ఎముకల పని మీద అంటే చాలామంది ఆశ్చర్యపోతారు. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో బయటపడ్డ అస్థిపంజరాల కొలతలను విశ్లేషించాలని కేంబ్రిడ్జి మ్యూజియం పిలిపించుకుంది. ఆ రోజుల్లోనే పేరుమోసిన గణాంకవేత్త ఆర్.ఎ. ఫిషర్ జెనెటిక్స్ ల్యాబులో ఎలుకల మీద కూడా పనిచేశారు. 1948 నాటి ఆయన పీహెచ్‌డీ అంశం జీవశాస్త్ర వర్గీకరణలో వచ్చే గణాంక సమస్యలు. ఒక పుర్రె ఏ సమూహానిదో ఇన్ని కొలతలు కలిపి ఎలా తేల్చాలి? ఆయన బహుచర విశ్లేషణలో (అనేక కొలతలను ఒకేసారి కలిపి చూసే పద్ధతిలో) చాలా భాగం ఇలాంటి చిక్కుల్లోంచే పెరిగింది.

ఎకాలజీ (జీవావరణ శాస్త్రం) వాళ్లకు మాత్రం రావు అంటే 1982 పేపరు. జనాభా జీవశాస్త్ర పత్రికలో వైవిధ్యానికి ఒక కొలత ప్రతిపాదించారు. దాన్నిప్పుడు రావు క్వాడ్రాటిక్ ఎంట్రోపీ అంటున్నారు. అడవిలో యాదృచ్ఛికంగా రెండు మొక్కలను ఎంచుకుంటే, వాటి జాతుల మధ్య సగటున ఎంత దూరం, అంటే ఎంత తేడా, ఉంటుంది అన్నదే అందులోని ప్రశ్న.

శేషాచలం కొండల్లో రెండు ప్లాట్లు ఉన్నాయనుకుందాం. మొదటి దాంట్లో సగం ఎర్రచందనం, సగం వేగిస. రెండో దాంట్లో సగం ఎర్రచందనం, సగం పేరీత. జాతులు లెక్కపెడితే రెండూ సమానమే, రెండేసి. కానీ ఎర్రచందనం, వేగిస ఒకే ప్రజాతికి చెందినవి. పేరీత అంటే సైకాస్ బెడ్డోమీ, పువ్వే పూయని ప్రాచీన వంశం. మొదటి జంట దూరం 0.1 అని, రెండో జంట దూరం 1 అని పెట్టుకుంటే రావు కొలత 0.05, 0.5గా వస్తుంది. పది రెట్ల తేడా. ఏ ప్లాటును ముందు కాపాడాలో ఫారెస్టు వాళ్లు నిర్ణయించుకోవాల్సి వస్తే ఈ తేడా చిన్నది కాదు. అయితే దూరం 0.1 అని ఎవరు చెప్పాలి? వృక్షశాస్త్రజ్ఞుడే చెప్పాలి. అది లేకుండా సూత్రం ఒక్కటే చేయగలిగింది ఏమీ లేదు.

ఈ కొలతను ఎకాలజీ పెద్దఎత్తున అందుకోవడానికి రెండు దశాబ్దాలకు పైనే పట్టింది. 1985లో ఏదైనా కమిటీ కూర్చుని ఆ పేపరుకు మార్కులు వేసి ఉంటే ఎన్ని వచ్చేవో ఊహించుకోవచ్చు.

గణాంకవేత్త, జీవశాస్త్రజ్ఞుడు ఇలా కలిసి పనిచేయడానికి తిరుపతికి ఉన్న సౌకర్యం అరుదు. ఊళ్లో ఎస్వీ యూనివర్సిటీ, వెటర్నరీ వర్సిటీ, వ్యవసాయ కళాశాల. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ (విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ). నెత్తిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్. కానీ మన దగ్గరే కాదు, దాదాపు ప్రతిచోటా జరిగేది ఒకటే. థీసిస్ రేపోమాపో ఇవ్వాలనగా రీసెర్చ్ స్కాలర్లు టెన్షన్‌తో పెన్‌డ్రైవ్ పట్టుకుని స్టాటిస్టిక్స్ సార్ దగ్గరికి వస్తారు. "ఏదో ఒక టెస్టు చేసి సిగ్నిఫికెంట్ అని తేల్చండి సార్" అంటారు, అంటే ఫలితం కాకతాళీయం కాదని ముద్ర వేయమని. ప్రయోగం అయిపోయాక గణాంకవేత్తను పిలిస్తే పోస్టుమార్టమే చేయగలడని ఫిషర్ 1938లో కలకత్తాలోనే చెప్పిపోయాడు. ఆ మాట మనం ఇంకా చెవికెక్కించుకోలేదు.

ముందే పిలిస్తే ఏం మారుతుందో చిత్తూరు జిల్లా ఏనుగుల దగ్గర చూడొచ్చు. 1980లలో తమిళనాడు వైపు నుంచి వచ్చిన గుంపులతో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం వైపు పంట నష్టాల దరఖాస్తులు చేతిలో ఉంటే, వాటినే ఏనుగులు తిరిగిన మ్యాపుగా గీసేయాలనిపిస్తుంది. గణాంకవేత్త అడిగే మొదటి ప్రశ్న వేరు: దరఖాస్తు పెట్టనిది ఎవరు? ఆఫీసుకు దూరమైన పల్లె రైతు, పట్టా లేని కౌలుదారు, పోయిన ఏడాది తిరిగి తిరిగి విసిగినవాడు. వాళ్ల చేలల్లో ఏనుగు రాలేదని ఆ కాగితాలు చెప్పవు. ఈ ప్రశ్న డేటా సేకరించక ముందు వస్తే సర్వే రూపమే మారుతుంది. తర్వాత వస్తే ఏ సాఫ్ట్‌వేరూ పూడ్చలేదు.

ఇంత పనికీ దక్కేదేమిటి? యూజీసీ 2018 నిబంధనల ప్రకారం ఇద్దరికి మించి రచయితలుంటే పేపరుకు ఇచ్చే పాయింట్లలో మొదటి లేదా ప్రధాన రచయితకు 70 శాతం, మిగతావాళ్లకు తలా 30 శాతం. ఎకాలజీ పేపర్లలో నలుగురైదుగురు మామూలే, అందులో గణాంకవేత్త పేరు మధ్యలో ఎక్కడో ఉంటుంది. ప్రమోషన్ కోసం చూసుకునే లెక్చరర్ ఏనుగుల వెంట పడకుండా గదిలో కూర్చుని ఒంటరిగా పేపరు రాసుకుంటే తప్పు పట్టలేం.

పాయింట్ల లెక్క మార్చడం తిరుపతి చేతిలో లేదు, నిజమే. కానీ జువాలజీ స్కాలర్ సినాప్సిస్ (పరిశోధన ప్రతిపాదన) ఇచ్చే రోజున కమిటీలో స్టాటిస్టిక్స్ శాఖ నుంచి ఒకరిని కూర్చోబెట్టడానికి ఢిల్లీ ఉత్తర్వు అక్కర్లేదు.