కలిసిపోతూ కనుమరుగవుతున్న చేపజాతులు

నదిలోకి బయటి చేపను వదిలితే అది స్థానిక చేపల గుడ్లనూ పిల్లలనూ తినేస్తుందనీ, మేతకు పోటీ వస్తుందనీ అందరికీ తెలుసు. ఆ నష్టం వల వేసిన రోజే బయటపడుతుంది. పడాల్సిన చేప పడదు. సంకరం, అంటే రెండు వేర్వేరు జాతులు కలిసి పిల్లలు పెట్టడం, తెచ్చే నష్టం అలా కనిపించదు. నది నిండా చేపలుంటాయి, చూపులకు పాత చేపల్లాగే ఉంటాయి, తరం తరానికీ వాటిలో స్థానిక జాతి జన్యువులు మాత్రం పలచబడుతూ ఉంటాయి. మంచినీటి చేపల సంరక్షణలో ఈ ముప్పుకు దక్కాల్సిన ప్రాధాన్యం దక్కడం లేదు.

చాలా చేపల్లో గుడ్లు, వీర్యం శరీరం వెలుపల, నీటిలోనే కలుస్తాయి కాబట్టి సంకరం తేలిక. పైగా వేర్వేరు నదుల్లో విడివిడిగా రూపుదిద్దుకున్న దగ్గరి జాతులకు ఒకదాన్నొకటి దూరం పెట్టుకోవలసిన అవసరం ఎన్నడూ రాలేదు. కొండలూ సముద్రాలూ ఆ పని చేశాయి. చేపపిల్లలను ఒకచోటి నుంచి మరోచోటికి తరలించి మనిషే ఆ అడ్డును తొలగించాడు.

అమెరికాలోని మోంటానాలో ఫ్లాట్‌హెడ్ నదీ వ్యవస్థ ఇందుకు బాగా పరిశీలించిన ఉదాహరణ. అక్కడి వెస్ట్‌స్లోప్ కట్‌త్రోట్ ట్రౌట్‌కు దవడ కింద ఎర్రటి చార ఉంటుంది. గాలపు వేటగాళ్ల కోసం తెచ్చి వదిలిన రెయిన్‌బో ట్రౌట్ కూడా దానిలాగే వసంతంలో, తోకతో గులకరాళ్లను తవ్వి గుడ్లు పెడుతుంది. రెండూ కలిసి పుట్టిన చేపల్లోనూ ఆ ఎర్ర చార కనిపిస్తుంది కాబట్టి కంటితో తేల్చడం కష్టం; రెక్క అంచు ముక్క కత్తిరించి డీఎన్ఏ పరీక్ష చేయాల్సిందే. 20 శాతం పరాయి జన్యువులు చేరితే సంతానోత్పత్తి సామర్థ్యం దాదాపు సగానికి పడిపోతుందని 2009లో వెలువడిన అధ్యయనం చూపింది. ఇంత బలహీనపడిన సంకర చేపలను ప్రకృతే ఏరివేస్తుందని అనుకుంటాం. అలా జరగలేదు. మొదటి తరం సంకర చేపల్లో కొన్ని బాగానే పిల్లలు పెట్టడం, అవి పుట్టిన వాగును వదిలి కొత్త వాగులకు ఎక్కువగా వలసపోవడం వల్ల సంకరం పాకుతూనే ఉంది.

టెక్సస్‌లోని పెకోస్ నదిలో కథ ఇంకా వేగంగా నడిచింది. 1980ల ఆరంభంలో, బహుశా ఎరగా తెచ్చిన చేపలతో పాటు, తీర ప్రాంతపు షీప్స్‌హెడ్ మిన్నో ఆ నదిలోకి చేరింది. సుమారు ఐదేళ్లలోనే 400 కిలోమీటర్లకు పైగా నదిలో స్థానిక పెకోస్ పప్‌ఫిష్ స్థానాన్ని సంకర చేపలు ఆక్రమించాయి. ఇక్కడ సంకర చేప బలహీనం కాదు. స్థానిక చేప కంటే త్వరగా పెరిగింది, ఎక్కువసేపు ఈదగలిగింది. అంటే సంకర సంతానం బలహీనమైనా, బలమైనా నష్టపోయేది స్థానిక జాతే.

సంకరం ప్రకృతిలో సహజమే కదా, కొత్త వైవిధ్యం వస్తే తప్పేమిటని కొందరు వాదిస్తారు. చేపల పరిణామంలో సంకరానికి పాత్ర ఉందన్నది నిజమే. కానీ ఏళ్ల తరబడి హేచరీల నుంచి లక్షల పిల్లలను ఒకే నదిలోకి వదలడాన్ని, ఎప్పుడో అరుదుగా రెండు జాతులు తారసపడడాన్ని ఒకే గాటన కట్టలేం. థాయ్‌లాండ్‌లో స్థానిక క్యాట్‌ఫిష్‌ను ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్‌తో కలిపి పెంచే సంకర రకం చెరువులకే పరిమితం కాలేదు. సహజ జలాల్లోని స్థానిక చేపల్లోనూ ఆఫ్రికన్ జన్యువులు బయటపడ్డాయి. ప్రపంచమంతా పాకిన మొజాంబిక్ తిలాపియా ఆఫ్రికా దక్షిణ భాగంలోని తన సొంత లింపోపో నదిలో నైల్ తిలాపియాతో కలిసి ఉనికి కోల్పోతోంది.

కలిసిపోయిన జన్యువులను విడదీసే మార్గం లేదు. ఎగువ వాగుల్లో అడ్డుకట్టలు కట్టి శుద్ధ జాతిని కాపాడవచ్చు గానీ, అలా చిన్న గుంపులుగా బందీ అయిన చేపలు అంతఃప్రజననం (దగ్గరి బంధువుల మధ్యే సంతానం కలగడం) వల్ల, ఒక్క వరదకో కరువుకో తుడిచిపెట్టుకుపోయే ప్రమాదంలో ఉంటాయి. కాబట్టి అడ్డుకోవలసింది చేపను వదిలే దగ్గరే. దగ్గరి బంధుజాతి ఉన్న నదీ వ్యవస్థలో పరాయి చేపపిల్లలకు అనుమతే ఇవ్వకూడదు. గుడ్లకు వేడి లేదా ఒత్తిడి ఇచ్చి తయారుచేసే వంధ్య ట్రిప్లాయిడ్ చేపలు (రెండుకు బదులు మూడు వరుసల క్రోమోజోములుండి పిల్లలు పెట్టలేనివి) కొంత మేలే అయినా, ప్రతి గుడ్డూ వంధ్యమవుతుందన్న హామీ లేదు. స్వల్పంగా సంకరమైన గుంపులను పనికిరానివని వదిలేయడమూ పొరపాటే. కొన్ని నదుల్లో స్థానిక జన్యువులు మిగిలింది వాటిలోనే.

టెక్సస్‌లోనే స్మాల్‌మౌత్ బాస్‌తో కలిసిపోతున్న గ్వాడలూప్ బాస్ అనే స్థానిక చేపను నిలబెట్టడానికి 1990లలో శుద్ధ జాతి పిల్లలను వదలడం మొదలుపెట్టారు. ఏళ్ల తరబడి వదలగా జాన్సన్ క్రీక్ అనే వాగులో సంకర చేపల వాటా బాగా తగ్గింది. శుద్ధమైన తల్లి చేపలు ఇంకా దొరికాయి కాబట్టే అది సాధ్యమైంది.